క్రియ ముందొచ్చే భాషకు దుబాసీ

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఈ నాలుగు పేజీలు రాయడానికి ఇప్పటికి ఎనిమిదిసార్లు లేచాను. కాళ్ళకింద చక్రాలున్న మనిషి పుస్తకం రాసినట్టే అని మా ఆవిడ కమల వంటింట్లోంచి ఎగతాళి చేస్తూనే ఉంది. రిటైరై మూడేళ్ళయింది. మద్రాసు తొండియార్‌పేటలో మా మేడ మీద నిలబడితే రేవు క్రేన్లు కనిపిస్తాయి. వాటిని చూశాక లోపలికి వచ్చి కూర్చోబుద్ధి కాదు. రేవులోకి పోదామంటే ఇప్పుడు నా దగ్గర పాసు లేదు.

ఫిలిపీనో నేర్చుకుంటామని నా దగ్గరికి ఇప్పటికీ పిల్లలు వస్తుంటారు. కొందరు ఓడలెక్కేవాళ్ళు, కొందరు మనీలాకు డాక్టరీ చదవబోయేవాళ్ళు, ఒకరిద్దరు నాలాగా దుబాసీ పని చేద్దామనుకునేవాళ్ళు. అందరూ మొదట అడిగేది క్రియ గురించే. ఒక్క మాటకు ఇన్ని రూపాలేమిటి, వాక్యంలో కర్త ఎక్కడ, కర్మ ఎక్కడ అని. అది చెప్తాను. దాంతోపాటు ఆ భాషతో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. ఎప్పుడు ఏ మెట్టెక్కానో, ఎన్ని ఫైళ్ళు రాశానో మాత్రం చెప్పను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఇంగ్లీషు వస్తుంది కదా

షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో నేను బోర్డింగ్ క్లర్కుని. ఓడ రాగానే మొదట ఎక్కే బయటి మనుషుల్లో మేమొకళ్ళం. సిబ్బంది కాగితాలు చూడాలి, ఉత్తరాలు అందించాలి, ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ దేశపు ఓడైనా సరే, డెక్కు మీద ఫిలిప్పీన్స్ వాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఇంగ్లీషు వస్తుంది కదా, మధ్యలో నీతో పనేమిటని నన్ను అడగనివాడు లేడు. మా మామగారు చచ్చేదాకా అడిగాడు.

ఇంగ్లీషు వస్తుంది. డ్యూటీలో ఉన్నప్పుడు వస్తుంది, కెప్టెను ముందు వస్తుంది. ఎముక విరిగినప్పుడు రాదు. ఇంట్లో ఎవరో పోయారని కబురొచ్చినప్పుడు రాదు. అధికారి ఎదురుగా కూర్చుని ఏం జరిగిందో చెప్పమన్నప్పుడు వచ్చిన ఇంగ్లీషు కూడా పారిపోతుంది. మద్రాసులోనే చూలై పేటలో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడిన నాకు అది ఒకరు చెప్పనక్కర్లేదు. నాకూ వేలు తలుపులో పడితే నోటికొచ్చేది తెలుగే.

మాంగ్ ఇస్కో మంచం పక్కన

నాకు ఆ భాష నేర్పింది ఒక ఓడ వంటవాడు. కాలు విరిగి ఆరువారాలు మద్రాసు ఆసుపత్రిలో ఉండిపోయాడు. ఓడ వెళ్ళిపోయింది. రోజూ పోయి అతన్ని చూసి రావడం నా డ్యూటీ. పేరు ఇస్కో. నేను ఇస్కో, ఇస్కో అని పిలుస్తూ, పుస్తకంలో బట్టీపట్టిన నాలుగు ముక్కలు అతని మీద ప్రయోగించేవాణ్ణి. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోనాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్కమంచం దగ్గర ఇంకో ఫిలిపీనో నావికుడుంటే అతను చెప్పాడు. పెద్దవాణ్ణి "మాంగ్" అనాలట, ప్రతి మాట చివరా "పో" చేర్చాలట. మన "అండీ" అన్నమాట. అండీ లేకుండా మా నాన్న వయసు మనిషితో రెండు రోజులు మాట్లాడానన్నమాట! సిగ్గేసింది. మర్నాడు "మగందాంగ్ ఉమాగా పో, మాంగ్ ఇస్కో" అన్నాను, శుభోదయమండీ అని. ఇటు తిరిగాడు.

తెలుగువాళ్ళకు ఆ భాషలో కొన్ని ఊరికే వచ్చేస్తాయి. ఇంగ్లీషు దొరలు తల బాదుకునే చోట మనం నవ్వుకుంటూ దాటిపోతాం. వాళ్ళకూ "మనం", "మేము" వేరువేరు: వినేవాణ్ణి కలుపుకుంటే "తాయో", కలుపుకోకపోతే "కమి". ఇది నాకు మాంగ్ ఇస్కో అరనిమిషంలో చెప్పాడు, నాకు ఆ అరనిమిషమూ అక్కర్లేకపోయింది. అలా గర్వపడుతుండగానే క్రియ దగ్గర బోర్లా పడ్డాను.

టార్చిలైటు

మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. చేపల బజారులో కులాస్ అనే అతను చేప కొన్నాడు అంటాం. వాళ్ళు "కొనడం"తో మొదలుపెడతారు, మిగతావన్నీ దాని వెనకాల వస్తాయి. మన రైలుకు ఇంజను వెనక ఉంటే వాళ్ళ రైలుకు ముందుంటుంది. తెలుగువాడు అలవాటు కొద్దీ చివరి పెట్టె కోసం చూస్తూ కూర్చుంటాడు. అసలు మాట ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కొత్తలో అందరూ చేసే పొరపాటు ఇదే. మొదటి మాటను ఒడిసిపట్టండి అని అందుకే చెప్తాను.

ఇక రూపాల సంగతి. మాంగ్ ఇస్కో కాశిమేడు చేపల మీదే పాఠం మొత్తం నడిపాడు, ఆసుపత్రి కూడు తినలేక.

"బుమిలీ సి కులాస్ నంగ్ ఇస్డా" అంటే కులాస్ ఏదో చేప కొన్నాడు. మన చూపు కులాస్ మీద. "బినిలీ ని కులాస్ అంగ్ ఇస్డా" అంటే ఆ చేపను కులాస్ కొన్నాడు. చూపు చేప మీద. "బినిల్హన్" అంటే చూపు కొన్న అంగడి మీదికి పోతుంది, "ఇబినిలీ" అంటే ఎవరికోసం కొన్నాడో ఆ మనిషి మీదికి. కొన్నదీ అతనే, కొన్నదీ చేపే. చూపు ఒక్కటే మారింది, దాంతో క్రియ వేషం మార్చింది.

సినిమా హాల్లో ఆట మొదలయ్యాక పోతే ఒకతను టార్చి కొట్టి సీటు చూపించేవాడు చూడండి, "అంగ్" అనే చిన్నమాట పని అదే. మనిషి పేరైతే "సి". వెలుతురు దేనిమీద పడిందో అది చెప్తుంది. వెలుతురులో ఉన్నది చేసినవాడా, చేయబడ్డ వస్తువా, చోటా, లబ్ధిదారా అన్నది క్రియ రూపం చెప్తుంది. రెండూ కలిపి వినాలి. టార్చి పడనివాళ్ళు "నంగ్"తో, పేర్లయితే "ని"తో చీకట్లో కూర్చుని ఉంటారు. చీకట్లో ఉన్నారంటే లేరని కాదు.

దీన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో కర్మణి ప్రయోగమని చెప్పి చేతులు దులుపుకుంటారు. నమ్మకండి. మనకు కర్మణి అంటే ఆఫీసు భాష, "ఇందుమూలముగా తెలియజేయడమైనది" బాపతు. వాళ్ళు పొద్దున లేచి పళ్ళు తోముకున్నానని చెప్పడానికి కూడా పళ్ళ మీదే టార్చి కొడతారు. అందులో దాపరికమేమీ లేదు. ఈ మధ్య పిల్లలు ఫోను తీసి తర్జుమా చూపించి ఇది చాలదా సార్ అంటారు. కూరగాయలు కొనడానికి చాలు. సాక్ష్యం రాయడానికి పనికిరాదు. అయినా నేను ఫోనును వెక్కిరించదగ్గవాణ్ణి కాను, అదెందుకో చదివితే తెలుస్తుంది.

నాయుడుగారి పెన్సిలు

మా బోర్డింగ్ సూపర్‌వైజరు నాయుడుగారు. చూలై మనిషే. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాడు. దుబాసీ పని నాకు అప్పగించినప్పుడు ఒక పద్ధతి పెట్టాడు. సాక్షి మొదటిసారి చెప్పేటప్పుడు పెన్సిలు చెవి వెనక ఉండాలి. వినడమే. రెండోసారి చెప్పమని, అప్పుడు రాయాలి. రాసింది అతని భాషలోకి తిప్పి, ఒక్కొక్క వాక్యం అతనికి చదివి వినిపించాలి. ప్రతిదానికీ అతను "ఓపో", అంటే అవునండీ, అనాలి. అప్పుడు సంతకం.

ఒకసారి పెట్టె ఒకటి డెక్కు మీద పగిలితే రిపోర్టు రాసుకొచ్చాను. ఓడ అప్పటికే గట్టు వదిలి బయట లంగరేసుకుంది. నాయుడుగారు ఒక వాక్యం మీద వేలు పెట్టాడు.

"పెట్టెను పడేసిరి అని రాసినావే. ఎవురు పడేసిరి?"

వాళ్ళే అయ్యుంటారని గొణిగాను.

"అయ్యుంటారా? ఆడికి పోయి అడిగి రాపో."

ఒక్క మాట కోసం లాంచిలో ఎగుడు దిగుడు అలల మీద మళ్ళీ పోయాను. దారిపొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. తీరా అడిగితే పెట్టె పైకి లేపకముందే అడుగు పగిలి ఉందట. ఎవరూ పడేయలేదు.

ఆయన పద్ధతికి మూడింతలు సమయం పడుతుంది. నా ఒంటికి అది సరిపడేది కాదు. ఎదుటివాడు క్రియ అనగానే నాకు వాక్యమంతా తెలిసిపోయినట్టు ఉండేది, నోట్లో ఇంగ్లీషు సిద్ధంగా ఉండేది. క్రియ ముందొచ్చే భాష నాలాంటి తొందరమనిషికి దొరకడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలియలేదు. నాయుడుగారు ఉన్నన్నాళ్ళు భయంతో పాటించాను. ఆయన రిటైరయ్యాక పెన్సిలు చెవి దాకా పోవడం మానేసింది. ఆసరికి అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. దామోదరం వస్తే పావుగంటలో పనైపోతుందని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగా ఇష్టంగా ఉండేది.

ఆదివారం క్లాసు

ఓడలెక్కబోయే మన పిల్లలకు ఆదివారాలు ఫిలిపీనో చెప్పేవాణ్ణి. డెక్కు మీద సగంమంది ఆ భాషలో అరుస్తుంటే అర్థంకాక నిలబడటం ప్రమాదం. శామ్యూల్ అలా వచ్చినవాడే. తొండియార్‌పేట కుర్రాడు. తండ్రి హార్బరులో పనిచేసి పోయాడు, తల్లి మేరమ్మ ఒక బడిలో ఆయా. వాళ్ళింట్లో పెద్ద చదువు అతనిదే. ఓడమీద కేడెట్టుగా చేరి, చెప్పిన కాలం సముద్రం మీద గడిపి, ఓడ రికార్డు రాసే లాగ్‌బుక్కులో మచ్చ లేకుండా ఉంటే ఆఫీసరు పరీక్షకు కూర్చోవచ్చు. మచ్చ పడితే ఇంకో కంపెనీ పిలవదు. ఆ ఇంటి ఆశలన్నీ ఆ పుస్తకం మీదే ఉండేవి.

క్లాసులో అందరికన్నా నిదానం అతనే. నేను ప్రశ్న వేస్తే వాక్యం మొత్తం లోపల కూర్చుకుని, టార్చి ఎక్కడ పడాలో చూసుకుని, అప్పుడు నోరు విప్పేవాడు. ఈలోగా నేను గదిలో నాలుగుసార్లు తిరిగేవాణ్ణి. నీ మాట బయటికొచ్చేసరికి ఓడ సింగపూరు దాటిపోతుందిరా అని వెక్కిరించేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. చెప్పిన వాక్యంలో తప్పు మాత్రం ఉండేది కాదు.

నేనే ఒక కంపెనీకి చెప్పి అతనికి ఓడ చూపించాను. ఏడెనిమిది నెలలకు ఆ ఓడ మద్రాసు రేవుకే వచ్చింది.

రొడెల్ చెప్పిన మాట

ఓడను గట్టుకు కట్టేటప్పుడు ప్రమాదం జరిగింది. లావుపాటి తాడు, దాన్ని చుట్టే వించి డ్రమ్ము. రొడెల్ అనే ఫిలిపీనో నావికుడి కుడిచెయ్యి రెంటి మధ్యా పడింది. ఆ మూల ఉన్నది ఇద్దరే, రొడెల్, శామ్యూల్. ఆసుపత్రికి శామ్యూలే వెంటవచ్చాడు. ఓడ ఆ సాయంత్రం నాలుగింటికి కదలాలి. ఈలోగా బీమావాళ్ళ తరఫు సర్వేయరుకు గాయపడ్డవాడి వాంగ్మూలం కావాలి. నన్ను పిలిచారు.

పోయేసరికి వరండాలో బెంచీ మీద శామ్యూల్ కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద రక్తం ఎండిపోయి ఉంది. నన్ను చూసి లేచి "సార్" అన్నాడు. తర్వాత మాట్లాడదామని చెయ్యి ఊపి లోపలికి పోయాను. నా ఫోను అప్పటికే రెండుసార్లు మోగింది.

సర్వేయరు మంచి మనిషే, తొందరలో ఉన్నాడు. సైగ ఇవ్వకముందే ఎవరో తాడు లాగారని ఓడ ఆఫీసరు అతనికి ముందే చెప్పాడు. అదెవరో తేలితే కాగితం పూర్తవుతుంది. రొడెల్‌కు నొప్పి తెలియకుండా సూది వేశారు. ఒక మాట చెప్పి, కళ్ళు మూసుకుని, ఇంకో మాట చెప్తున్నాడు. తాడు జారింది అన్నాడు. ఆగాడు. సామ్ అక్కడే ఉన్నాడు అన్నాడు; శామ్యూల్‌ను ఓడమీద అలా పిలిచేవాళ్ళు. మళ్ళీ ఆగాడు. "హినిలా..." అన్నాడు.

హినిలా అంటే లాగడమైంది అని. దేన్ని, ఎవరు అన్నవి ఆ తర్వాత రావాలి. నేను ఆగలేదు. సామ్ తాడు లాగాడని సర్వేయరుతో ఇంగ్లీషులో అనేశాను. సర్వేయరు తలాడించి టైపు చేశాడు. రొడెల్ పెదవులు ఇంకా కదులుతున్నాయి. నేను చూశాను. చూసి కూడా, సరే సరే, విశ్రాంతి తీసుకో అన్నాను. తిప్పి చదివి వినిపించలేదు. ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించాం. పన్నెండు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి బెంచీ మీద శామ్యూల్ లేడు, ఓడవాళ్ళు పిలిచారని నర్సు చెప్పింది.

మధ్యాహ్నం కెప్టెను అతన్ని దించేశాడు. నేను కాదు సార్ అని అతను చెప్పాడట. దెబ్బతిన్నవాడే నీ పేరు చెప్పాడని కెప్టెను కాగితం చూపించాడట. లాగ్‌బుక్కులో రాశారు: తాడు లాగి తోటివాడి చేతికి గాయం చేశాడు. అతని సంచీ గేటు దగ్గరికి పంపించారు.

నాకు బాధ కలిగింది. కోపం కూడా వచ్చింది, అతని మీద. ఇంత నిదానం మనిషివి, ఆ ఒక్క క్షణం తొందరపడ్డావేమిరా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు నా చెయ్యి వెనక్కి పోతోంది.

మూడోరోజు రొడెల్‌కు గంజీ, చేపల పులుసూ పట్టుకుపోయాను. జ్వరం తగ్గింది, తేటగా ఉన్నాడు. రెండు ముద్దలు తిని, సామ్ నన్ను చూడటానికి రాలేదేం అని అడిగాడు. అతనికి దణ్ణం పెట్టుకోవాలన్నాడు. ఎందుకన్నాను.

"హినిలా అకో ని సామ్," అన్నాడు.

లాగాడు, నన్ను, సామ్. చెయ్యి డ్రమ్ములోకి పోతుంటే నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. లేకపోతే భుజం దాకా పోయేది. తాడు ఎవరూ లాగలేదు, దానంతటదే జారింది.

గిన్నె మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటుండేది. నా విషయంలో జారడం కూడా కాదు. ఆ మనిషి ఇంకా చెప్తున్నాడని తెలిసి నోరు మూయించాను. భయం వేసింది. ఆ భయం శామ్యూల్ గురించి కాదు, నా గురించి. పావుగంటలో పని చేసే దామోదరం పేరు ఏమవుతుందోనని.

రెండో కాగితం

కొత్త మేనేజరుకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది నాకు. ఆ నాలుగు రోజులు ఇంట్లో నిలవలేదు, ఆఫీసులో నిలవలేదు. తిరువొత్తియూరు దాకా నడిచి, అక్కడ రైలెక్కి వెనక్కి వచ్చేవాణ్ణి. చివరికి చెప్పాను. ఒక్క వాంగ్మూలం తప్పని తేలితే నువ్వు తర్జుమా చేసిన పాతవన్నీ తిరగేస్తారు, ఆఫీసుకే చెడ్డపేరు అన్నాడు. అయినా అడ్డుపడలేదు. రొడెల్ దగ్గర మళ్ళీ వాంగ్మూలం తీసుకో, జతగా ఒక ఉత్తరం పెడదాం, మాటలు మాత్రం జాగ్రత్త అన్నాడు.

రెండో వాంగ్మూలం నాయుడుగారి పద్ధతిలో తీసుకున్నాను. రెండుసార్లు విన్నాను, ప్రతి వాక్యం చదివి వినిపించాను, ప్రతిదానికీ రొడెల్ "ఓపో" అన్నాడు. ఇంతా చేస్తే నలభై నిమిషాలు. జతగా పెట్టిన ఉత్తరంలో "మొదటి వాంగ్మూలం తర్జుమాలో పొరపాటు జరిగినట్టు తెలియవచ్చింది" అని రాశాం. మేనేజరు చెప్పాడు, నేను టైపు చేశాను. ఆ వాక్యం నాకు నచ్చింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

రెండు వారాలకు ఓడ కంపెనీ జవాబు వచ్చింది. ఒకే మనిషి రెండు రకాలుగా చెప్పాడు, రెండోది తీరిగ్గా ఆలోచించుకుని ఎవరో చెప్పించినట్టుంది, పొరపాటు ఏమిటో ఎలా జరిగిందో స్పష్టంగా లేదు, కాబట్టి రికార్డు మార్చలేం అని.

మేరమ్మ ఇంట్లో

జవాబు వచ్చిన ఆదివారం శామ్యూల్ ఇంటికి పోయాను. అప్పటిదాకా పోలేదు. మా ఇంటికి పది నిమిషాల నడక. నా ప్రయత్నం నేను చేశానని చెప్పి, కాగితాల నకళ్ళు చూపించి వద్దామని. నిజం చెప్పాలంటే క్షమించానని అనిపించుకుందామని.

మేరమ్మ కుర్చీ వేసింది. శామ్యూల్ తిరువొత్తియూరులో ఒక వర్క్‌షాపులో చేరాడని చెప్పింది. అతను లోపలి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె నన్ను సూటిగా అడిగింది.

"వీడు మూడు వారాలుగా నాతో సెరిగ్గా మాట్లాడేదే లేదు సార్. మీరు చెప్తే దా ఓడెక్కినాడు. మీరే చెప్పండి. వీడు జేసినాడా?"

లేదమ్మా అన్నాను. జరిగిందంతా చెప్పాను. రొడెల్ మాట, నేను అడ్డుపడటం, అన్నీ. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, నన్నేమీ అనలేదు. అంటే బాగుండును. శామ్యూల్ ఉత్తరం నకలు తీసుకుని వాకిట్లో వెలుతురుకు పోయి చదివాడు. అతని అలవాటు తెలుసు కదా, రెండుసార్లు చదివాడు. లోపలికి వచ్చాడు.

"పొరపాటు జరిగింది అని ఉండాది సార్. ఎవురు జేసినారో లేదే."

ఆఫీసు ఉత్తరాలు అట్లాగే రాస్తారని చెప్పాను. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పరిస్థితి.

అతను ఎప్పటిలాగే ఆగి, వాక్యమంతా కూర్చుకుని చెప్పాడు.

"నేను తాడు లాగినాననేదానికి నా పేరు రాసినారు గదా సార్. దీనికి మాత్రం ఎవురి పేరూ లేదు."

నకలు నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఆ పొద్దు వరండాలో దా కూసోని ఉంటి. ఒక్క మాట అడిగుంటే చెప్పుండేవాణ్ణి."

కోపంగా అనలేదు. నాలుగు దశాబ్దాలు నేను అందరి మాటా అందరికీ అందించాను, నా చేతులమీదుగా చదువుకున్న పిల్లవాడి మాట వినడానికి ఆ రోజు ఒక్క నిమిషం లేకపోయింది. నాకు ఏడుపొచ్చింది. మేరమ్మ ముందు ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ఒక తెల్లకాగితం అడిగాను. ఆమె తన బడి నోటుపుస్తకంలోంచి చించి ఇచ్చింది. అక్కడే, వాళ్ళింట్లోనే కూర్చుని రాశాను. నేను, దామోదరం, సాక్షి మాట పూర్తికాకముందే అడ్డుపడ్డాను. అతను చెప్పని మాటను అతను చెప్పినట్టు నేను చెప్పాను. అతను ఇంకా మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. రాసింది నేను అతనికి చదివి వినిపించలేదు. శామ్యూల్ బయటే ఉన్నా అతన్ని నేను అడగలేదు. రాసి, చదివి వినిపించాను. శామ్యూల్ ఒకచోట ఆపి, తాను ఓడ ఎక్కిన హోదా తప్పు రాశానని సరిదిద్దాడు. సంతకం పెట్టాను.

మర్నాడు మేనేజరు అది చూసి, ఇది నీ చేత్తో నువ్వు రాసుకుంటున్న రాజీనామా అన్నాడు. టైపు చేయనన్నాడు. చేతిరాతే స్కాన్ చేసి ఓడ కంపెనీకి నేనే పంపాను.

దుబాసీ పనిలోకి వచ్చే మీరు ఫిలిపీనో వాక్యంలో టార్చి ఎక్కడ పడిందో చూడటం నేర్చుకుంటారు, అది కష్టమేమీ కాదు, ఏడాదిలో వస్తుంది. ఎదుటివాడి వాక్యం అయిపోయేదాకా నోరు మూసుకుని ఉండటం నాకు ఉద్యోగమంతా చేసినా రాలేదు. మీరు ముందు అదే నేర్చుకోండి. మీ తప్పు గురించి రాయాల్సివస్తే మొదటి మాట "నేను" అని పెట్టండి, మిగతా వాక్యం దానంతటదే దారిలో పడుతుంది.

ఆ ఉత్తరం వెళ్ళాక దుబాసీ పనికి నాకు ఏ ఓడ నుంచీ పిలుపు రాలేదు. లాగ్‌బుక్కులో మచ్చ కొట్టేశాక, ఐదు వారాలకు శామ్యూల్‌కు వచ్చింది.